ప్రార్థన చేస్తున్నా భయం పోవట్లేదంటే నా విశ్వాసం తక్కువైనట్టేనా?

కాదండీ. రోజూ మోకరిస్తున్నా, వాక్యం చదువుతున్నా రాత్రయ్యేసరికి గుండె దడ ఆగట్లేదు, నా విశ్వాసంలోనే లోపముందేమో అని రాశారు కదా, సరిగ్గా ఆ మాటే నాకూ ఒకావిడ మొహం మీద చెప్పింది, అదీ ప్రేమతోనే చెప్పింది, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో నేను, పిల్లలు, అత్తమ్మ. 2021లో కరోనా రెండో వేవ్‌లో మా వీధిలోనే మనుషులు పోయారు, ఆ తర్వాత నాకు ఇది మొదలైంది. పడుకోగానే దడ, చేతులు తిమ్మిర్లు, గొంతు దగ్గర ఎవరో పట్టేసినట్టు, ఇంక అయిపోయింది నా పని అనిపించేది. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ నార్మలే. ఇది పానిక్ ఎటాక్ అమ్మా, మామూలుగా ఓ పది నిమిషాల్లో బాగా ఎక్కువై తర్వాత దానంతటదే దిగుద్ది, ప్రాణానికేం కాదు అన్నారు డాక్టరు గారు. పగలు వింటే బానే ఉంటది, అర్ధరాత్రి ఆ మాట బుర్రకెక్కాలి కదా.

ఒక రాత్రి వాన, కరెంటు లేదు, పిల్లలు నిద్రపోతున్నారు. నేను లేచి గోడకి ఆనుకుని కూర్చున్నా, ఊపిరి అందట్లేదు. అత్తమ్మ చీకట్లోనే తడుముకుంటా వచ్చి "ఏందమ్మాయ్, మళ్ళీనా?" అంది. మా అత్తమ్మకి చదువు రాదు, వాక్యాలన్నీ విని నేర్చుకున్నవే. భయపడొద్దు అంటదేమో అనుకున్నా. అనలేదు. "దేనికి భయమో చెప్పు" అంది. గుండె ఆగిపోద్దేమో అన్నాను. "ఇంకా?" పిల్లలు ఏమైపోతారో అన్నాను. "ఇంకా?" అక్కడ ఆయనకేమన్నా అయితే ఆఖరి చూపు కూడా దక్కదేమో అన్నాను, ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలా, ఆయన కన్నతల్లి ముందే నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ "ఇంకా?" అంది. ఈ నెల చిట్టీ కట్టలేదు అత్తమ్మా అన్నాను ఏడుస్తానే.

అప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసింది. పెద్ద పెద్ద మాటలేం లేవు. "తండ్రీ, ఈ పిల్లకి గుండె ఆగిపోద్దని భయమంట. పిల్లల గురించి భయమంట. నా కొడుకు గురించి భయమంట, నాకూ అదే భయం తండ్రీ. చిట్టీ కట్టాలంట. మాకు నువ్వు తప్ప ఎవరున్నారు, ఆమేన్." అంతే. దడ వెంటనే ఆగిపోయిందని చెప్తే అబద్ధం. ఇంకాసేపు ఉంది, మెల్లగా దిగింది. ఆవిడ మాత్రం తెల్లారేదాకా కూర్చుని 1977 ఉప్పెన సంగతులు చెప్పింది, అప్పటికి తను కొత్త కోడలంట. ఉదయం లేచేసరికి నేను ఆవిడ ఒళ్ళోనే ఉన్నా.

నేను చెప్పదలుచుకుంది ఇదేనండీ. భయాన్ని పేరుపెట్టి దేవుడికి చెప్పడమే ప్రార్థన. మన దగ్గర చాలామంది భయాన్ని దాచిపెట్టి పైకి స్తుతి, స్తోత్రం అంటారు, లోపల వణుకుతానే ఉంటారు. కీర్తనలు 150 ఉన్నాయి, వాటిల్లో మొరపెట్టుకునేవి ఎన్నున్నాయో చూడండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని 13వ కీర్తన మొదలవుద్ది, దేవుణ్ణే నిలదీసి అడగటం అది. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగిసిపోద్ది, చివర్న హల్లెలూయ లేదు, అయినా బైబిల్లో ఉంది. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే నా ప్రాణం దుఃఖంలో మునిగిపోయింది, నాతో మెలకువగా ఉండండి అని శిష్యుల్ని అడిగాడు. ఆయనకి లేని సిగ్గు మనకెందుకు?

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో 4:6 చూపించి "చింతపడకుడి అని రాసుంది కదా, నువ్వెందుకు పడతన్నావ్" అంటారు, ఆ వచనం సగంలో ఆపేస్తారు. ప్రతి విషయంలో మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి అని మిగతా సగం ఉంది కదండీ. అదే పత్రిక 2వ అధ్యాయం చదవండి, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుకి దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడని, నా దుఃఖం తగ్గేలా అతన్ని త్వరగా పంపిస్తున్నానని పౌలే రాశాడు. పౌలుకి విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటారా?

ఇంకోటి, సాక్ష్యాల టైములో అన్నీ అయిపోయిన కథలే చెప్పిస్తారు. రోగం పోయింది, అప్పు తీరింది, వీసా వచ్చింది. ఇంకా మధ్యలో ఉన్నవాళ్ళకి మైకు ఎందుకివ్వరు? నాకింకా తగ్గలేదు, నాకోసం ప్రార్థన చేయండి అని ఒక్కరు లేచి చెప్తే వెనక బెంచీలో కూర్చున్న ఎంతమందికి ప్రాణం లేచొస్తదో. అసలే దడతో ఉన్న మనిషి తలమీద చెయ్యి పెట్టి స్పీకర్లు అదిరేలా కేకలేస్తారు చూడండి, అది దయచేసి మానాలి.

టాబ్లెట్లు ఆపి ఉపవాసం ఉండమని ఎవరన్నా చెప్తే మాత్రం అస్సలు వినకండి. లూకాని పౌలు ప్రియుడైన వైద్యుడు అన్నాడు, తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు, ప్రార్థన మాత్రమే చెయ్యమని రాయలేదు. నాకిచ్చిన మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది, మొదట్లో ఏమీ తేడా లేదనిపించింది, డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. మీరు కూడా అడక్కుండా సొంతంగా ఆపొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, గవర్నమెంటుదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

దడ వచ్చినప్పుడు పొడుగు ప్రార్థన నోటికి రాదు, రావాలని బలవంతం పెట్టుకోకండి. బైబిల్లో గుడ్డి బర్తిమయి యేసుని పిలుస్తూ అరిచిన మాట చాలు. ఊపిరి పీల్చేటప్పుడు "యేసయ్యా", మెల్లగా వదిలేటప్పుడు "నన్ను కరుణించు". వదిలేది ఎక్కువసేపు ఉండాలి. నేను బస్సులో కూడా చేస్తా, పక్కనోళ్ళకి తెలీదు. అలాగే మీ భయాలన్నీ విని ఇంకా, ఇంకా అని అడిగే మనిషిని ఒకరిని చూసుకోండి, పాస్టరమ్మ గారైనా సరే, స్నేహితురాలైనా సరే. ఆ మనిషికి వాక్యం బాగా తెలిసుండక్కర్లేదు, మీరు చెప్తుంటే మధ్యలో బోధ మొదలుపెట్టకపోతే చాలు.