కారు ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవర్ తీసేసి మెటల్ గార్డ్ వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. కాకపోతే ప్లేటు ఎంత మందమో అడిగే ముందు, దాన్ని బండిలో దేనికి బిగిస్తారో అడగండి. మంచిచెడ్డలన్నీ అక్కడే తేలతాయి.

మీరు రాసింది ఇదీ: స్పీడ్ బ్రేకర్ తగిలి కింది కవర్ చిరిగింది, షోరూంవాళ్లు మళ్లీ అదే ప్లాస్టిక్ వేయమంటున్నారు, బయట యాక్సెసరీస్ షాపులో 3 మి.మీ. ఇనుప గార్డ్ చూపించి ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదన్నారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. నేనుండేది విజయవాడ, మా ఊరు అవనిగడ్డ దగ్గర. కరకట్ట మీదుగా, పల్లెల మధ్య నుంచి తిరిగే సెడాన్ నాది. కొన్నేళ్లు ప్లాస్టిక్ కవర్‌తోనూ, కొన్నేళ్లు మెటల్ ప్లేటుతోనూ నడిపాను కాబట్టి రెండిటి సంగతీ తెలుసు.

కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ దెబ్బ కాయడానికి పెట్టింది కాదు. చక్రాలు చిమ్మే బురదనీళ్లు ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే భాగం) మీద, బెల్టుల మీద పడకుండా ఆపుతుంది. రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలి సాఫీగా వెనక్కి పోయేలా చూస్తుంది. హైవే మీద చప్పుడు కాస్త తగ్గిస్తుంది. గట్టిగా తగిలితే వంగుతుంది, లేదా క్లిప్పులు ఊడి వేలాడుతుంది. నిజానికి చాలా బళ్లలో ముందు పోయేది కవర్ కాదు, క్లిప్పులే. ఆయిల్ మార్చడానికి విప్పుతారు, తిరిగి పెట్టేటప్పుడు ఒకటో రెండో తక్కువ పెట్టి పంపించేస్తారు. హైవే ఎక్కగానే కవర్ ముందు అంచు గాలికి కిందికి దిగుతుంది, తర్వాత వచ్చే స్పీడ్ బ్రేకర్‌కి చిరుగుతుంది. అందుకని మీ పాత కవర్‌ని ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. బోల్టు రంధ్రాల దగ్గర మాత్రమే చిరిగి, మధ్యలో ఏ గీతా లేకపోతే అది దెబ్బ కాదు, సరిగ్గా బిగించకపోవడం. కొత్త కవర్, అన్ని క్లిప్పులు, వెడల్పాటి వాషర్లు వేయిస్తే సరిపోతుంది, గార్డ్ ఖర్చు దండగ. మధ్యలో లోతుగా గీసుకుపోయి ఉంటేనే మిగతాది చదవండి.

స్పీడ్ బ్రేకర్ల మాట కూడా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి హంప్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా కడితే మామూలు కారుకి అడుగు తగలనే తగలదు. మన ఊళ్లలో ఎత్తు అంతే పోస్తారు, ఇంకాస్త ఎక్కువే పోస్తారు, వెడల్పు మాత్రం రెండడుగులు దాటదు. బండి నిండా మనుషులెక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే 165 మి.మీ. క్లియరెన్స్‌లో (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) ఎంత మిగులుతుందో చెప్పక్కర్లేదు.

ఇక బిగింపు సంగతి. మా బావమరిది కారుకి ఒక షాపులో రెడీమేడ్ గార్డ్ వేశారు. వెనక బోల్టులు సబ్‌ఫ్రేమ్‌కే, అంటే బండి కింద ఉండే గట్టి ఇనుప చట్రానికే, బిగించారు. ముందువి మాత్రం రేడియేటర్‌ని మోసే సన్నటి రేకు పట్టీకి వేశారు. మట్టిరోడ్డులో ఒక రాయి తగిలింది. ర్యాంపు మీదికి ఎత్తి చూస్తే ప్లేటుకి గీత తప్ప ఏమీ కాలేదు. ఆ పట్టీ మాత్రం పైకి లేచి రేడియేటర్ అడుగుని నొక్కుతోంది, మూల దగ్గర కూలెంట్ చెమర్చినట్టు తడిగా ఉంది. అంటే గార్డ్ దెబ్బని ఆపలేదు, తీసుకెళ్లి రేడియేటర్‌కి అప్పగించింది. చాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తగలాల్సిన దెబ్బ బరువు సబ్‌ఫ్రేమ్ మీద పడాలి. నాలుగు మూలలూ అక్కడికి అందకపోతే ముందువైపు దన్నుకి విడిగా బ్రాకెట్ చేయించి సబ్‌ఫ్రేమ్‌కే తేవాలి. బంపర్‌కి, రేడియేటర్ పట్టీకి పట్టించి సరిపెట్టే షాపయితే దండం పెట్టి వచ్చేయండి. పైగా బంపర్ నుంచి సబ్‌ఫ్రేమ్ దాకా ఒకే గట్టి ప్లేటు పరిస్తే, యాక్సిడెంట్‌లో నలగాల్సిన ముందుభాగం నలగాల్సినట్టు నలగకపోవచ్చు.

నా ప్లేటు ఆటోనగర్‌లో చేయించుకున్నాను. పాత ప్లాస్టిక్‌నే నమూనాగా పెట్టి 4 మి.మీ. అల్యూమినియం షీటు కోయించాను. 80 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు ముక్క 3 మి.మీ. ఇనుములో 11 కిలోలు దాటుతుంది, 4 మి.మీ. అల్యూమినియంలో 5 కిలోల చిల్లర. ఇనుము రాళ్ల దెబ్బకి మేలే, ధర కూడా తక్కువ. కానీ ఎక్కువగా తిరిగేది తారురోడ్డే అయితే ఆ బరువు ఎప్పుడూ మోయడం దేనికి? ఇనుమే కావాలంటే 2 మి.మీ. షీటుకి పొడవునా మడతలు కొట్టించండి, గట్టిదనం మడతల్లో వస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పౌడర్ కోటింగ్ అంచుల దగ్గరే ముందు లేస్తుంది, ఏడాదికోసారి అక్కడ చూసుకోవాలి.

చాంబర్‌కీ ప్లేటుకీ మధ్య ఖాళీ 2 సెం.మీ. అయినా ఉండాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంకా కదులుతుంది. మా మేస్త్రీ ఒక పని చేశాడు. ప్లేటు లోపల, చాంబర్ కింద తడి బంకమట్టి ముద్ద పెట్టి బిగించి, బండిని రోడ్డు మీద తిప్పి తెచ్చి విప్పి చూశాడు. నొక్కుకుపోయాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదే అసలు ఖాళీ. ఎక్కువ ఖాళీ కావాలని ప్లేటుని కిందికి దించితే క్లియరెన్స్ పోతుంది, కాబట్టి ఈ కొలత దగ్గర తొందర వద్దు. చాలా బళ్లకి ఇప్పుడు చాంబర్ పోత అల్యూమినియంది. అది సొట్ట పడదు, పగులుతుంది. రేకు చాంబర్ సొట్ట పడి ఊరుకుంటుందనుకుంటాం కానీ, సొట్ట లోపల ఆయిల్ పీల్చే జాలీకి ఆనితే ఆయిల్ పైకెక్కడం తగ్గిపోతుంది.

డ్రెయిన్ బోల్టుకి, ఆయిల్ ఫిల్టర్‌కి ఎదురుగా రంధ్రాలు తప్పకుండా పెట్టించండి. లేకపోతే ప్రతి సర్వీసుకీ ప్లేటు దించాలి, కుర్రాళ్లు విసుగుపడి బోల్టుల తలలు అరగ్గొడతారు. నీళ్లు దిగడానికి, వేడి పోవడానికి చీలికలు కావాలి. వేసవిలో ట్రాఫిక్‌లో ఏసీ వేసి నిలబడినప్పుడు ఫ్యాన్ మునుపటికంటే ఎక్కువసేపు తిరుగుతుంటే చీలికలు చాలలేదని అర్థం. ఐడిల్‌లో జుమ్మని మోత వస్తే బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు వేస్తే పోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టే విషయం గడ్డి. దివిసీమలో మినుము చేతికొచ్చే రోజుల్లో కట్టె (కోసి ఎండబెట్టిన మినుము మొక్కలు) తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బళ్లే నూర్పిడి చేస్తాయి. దాని మీదుగా వెళితే ఎండు తీగలు కిందికి చుట్టుకుంటాయి. సైలెన్సర్ వైపు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా కాలిపోతూ ఉంటుంది, దానికి ఎండుగడ్డి ఆనుకుంటే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇలా కార్లు తగలబడిన వార్తలు చదివే ఉంటారు. మెటల్ గార్డ్ వెనక అంచు పైకి మడిచి ఉంటే ఆ గడ్డి జారిపోక గంపలో పడ్డట్టు పోగవుతుంది. నేను వెనక అంచుని తెరిచే ఉంచమన్నాను, ముందు అంచు మాత్రం పైకి వంపు. ఎగ్జాస్ట్ కిందికి ప్లేటు పోనివ్వలేదు. అయినా ఆ సీజన్‌లో కట్టె దాటాక బండి ఆపి, ఒక కర్రతో కింద గెలికి చూసుకునే ముందుకెళ్తాను.

గార్డ్ ఉన్నంత మాత్రాన ఆయిల్ లీకు ఉండదనుకోవద్దు. ఇదివరకు నేల మీద చుక్క పడేది, ఇప్పుడు ప్లేటులోనే పోగవుతుంది. నెలకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి. కింద గట్టిగా తగిలి ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ సీజైతే (లోపల పట్టేసి ఆగిపోతే) మామూలు ఇన్సూరెన్స్ చాంబర్ వరకే చూస్తుంది, ఇంజిన్‌కి కావాలంటే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉండాలి, అప్పుడు కూడా నడిపారని తేలితే పేచీ పెడతారు. కింది కవర్ ఒక్కదానికి క్లెయిమ్ చేయడం మాత్రం అనవసరం. ప్లాస్టిక్ భాగాలకి డిప్రిసియేషన్ (పాతబడినందుకు తగ్గింపు) కింద సగం కోస్తారు, 1500 సీసీ లోపు కారుకి మరో 1000 రూపాయలు మన వాటా, ఆపైన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. గార్డ్ వేయించాక వారంటీ ఉన్న బండైతే సర్వీస్ సెంటర్‌లో చూపించి జాబ్ కార్డు మీద రాయించుకోండి.

బిగించిన కొన్ని రోజులకి బోల్టులు ఓసారి మళ్లీ టైట్ చేయించండి, కొత్త ప్లేటు సర్దుకునేటప్పుడు వదులవుతాయి. పంక్చరైనప్పుడు జాకీ ప్లేటు కింద పెట్టకుండా డ్రైవర్లకి చెప్పి ఉంచండి. ఒకవేళ మీది ఎలక్ట్రిక్ కారైతే ఇదంతా వదిలేయండి, బ్యాటరీ ప్యాక్ దగ్గర బయటివాళ్ల చేత ఒక్క రంధ్రం కూడా వేయించొద్దు.