అమ్మలూ, ముందు కాటా చూసుకో

చి॥ అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కాకినాడ హాస్టల్లో చేరావనీ, కబడ్డీకి బలం కావాలని తెల్లారకుండానే జిమ్ముకెళ్ళి బరువులెత్తుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ సాయంత్రం కాలవగట్టు మీద టీకొట్టు దగ్గర కనబడ్డ ప్రతివాడికీ ఈ కబురు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తా. ఒళ్ళు వేడెక్కకుండా బార్, అదే బరువులెక్కించే ఇనపకడ్డీ, ముట్టుకోకు. వారానికి రెండు మూడు రోజులు చాలు. పెద్ద బరువెత్తిన రోజుకీ మళ్ళీ ఎత్తే రోజుకీ మధ్య రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోవాలి. తిండిలో కిలో ఒంటి బరువుకి గ్రామున్నర పైచిలుకు మాంసకృత్తులుండాలి, అంటే నీ 56 కిలోలకి రోజుకి 90 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములే వస్తాయి, లెక్కేసుకో. శీలావతి ముక్కలు తిను, పులస వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఇక ఆట. కూతకెళ్తే నీకున్నది 30 సెకన్లు. అందులోనే వంగాలి, ఒంటికాలి మీద తిరగాలి, ఇద్దరు నడుం పట్టుకున్నా ఈడ్చుకుంటూ గీత అందుకోవాలి. అద్దం ముందు కండలు చూసుకునేవాళ్ళ పనులు నీకెందుకే? స్క్వాట్ (బరువుతో గుంజీళ్ళు), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పట్టుకుని నిటారుగా లేవడం), ఒంటికాలి స్క్వాట్, పుల్-అప్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం), వీటితోనే మొదటి ఏడాది గడిచిపోతుంది. తొడ వెనక కండకి నార్డిక్ అని ఒకటుంది. మోకాళ్ళ మీద నిలబడు, వెనక ఒకళ్ళని మడమలు నొక్కి పట్టుకోమను, ఒళ్ళు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళతో చేయించి చూస్తే ఆ కండ దెబ్బలు సగానికి సగం తగ్గాయి. రెండు సెట్లు, సెట్టుకి నాలుగైదుసార్లు, మొదట్లో అంతకు మించకు; మర్నాడు మెట్లు దిగలేవు. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి పోతున్నాయేమో ఎవరిచేతైనా వీడియో తీయించి చూసుకో. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే నార తెగడం ఆడపిల్లల్లోనే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న నడుం.

తుఫానులో ఇంటి మీద పడ్డ చెట్టు తీస్తుంటే పట్టేసిందని కదా నీకు తెలుసు? మీ నానమ్మకీ అదే చెప్పాం. అబద్ధం.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. మన దొడ్లో పదకొండు. కోసి పడేసిన మొద్దులు చూస్తే నా బుర్రలో పురుగు తొలిచింది. సంక్రాంతి పోటీలకి రెండు నెలలుంది. నాకు ఇరవైమూడు, మీ నాన్నకి పద్దెనిమిది, ఒళ్ళు 58 కిలోలు. వాడు కూతకొస్తే పక్కూళ్ళ వాళ్ళకి హడల్, కానీ పట్టుబడితే విడిపించుకోలేడు. నేను వాడికి గురువునైపోయాను.

చిన్నది, నడిమిది, పెద్దది, మూడు మొద్దులు. భుజాల మీద వేసుకుని గుంజీళ్ళు, రోజూ. చిన్నదానితో రెండు వారాలు, నడిమిదానితో ఒకటి, తర్వాత పెద్దది. దేని బరువెంతో నాకు తెలీదు. రైసుమిల్లు మన వీధి చివరే ఉంది, మిల్లులో కాటా ఉంది, అయినా తోచలేదు. ఆ పొద్దున "అన్నయ్యా, నడుం దగ్గర లాగుతోంది, ఇవాళొద్దు" అన్నాడు. నేనన్న మాట నీకు రాయలేను. ముందురోజు ముసురుకి మొద్దు నీళ్ళు తాగి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తి పెట్టారు. రెండు తీశాడు. మూడోది లేస్తుంటే తుంటి ముందు లేచి, వీపు విల్లులా వంగింది. నాకు కనబడింది. కనబడినా "లే, లే" అని అరిచాను.

వాడు కేక కూడా వెయ్యలేదు. మొద్దు పక్కకి జారిపోయింది. కొబ్బరాకుల మీద వెల్లకిలా పడుకుని, ఆకాశంకేసి చూస్తూ, "అన్నయ్యా, కుడికాలు ఉందా?" అనడిగాడు.

నలభై రోజులు చెక్కబల్ల మీదే. డిస్కు జారిందన్నారు. పండగనాడు పోటీల మైకు మంచం దాకా వినిపించింది, నేను తలుపు వేసేస్తే వాడు తియ్యమన్నాడు. తర్వాత ఆ మొద్దుల్ని బండి మీద వేసుకుని మిల్లుకెళ్ళి కాటా వేయించాను. నడిమిది 61. పెద్దది, నెల ఎండాక కూడా, 92.

అందుకని అడుగుతున్నా, నువ్వు పట్టుకునే బార్ 15 కిలోలదా, 20దా? ప్లేట్లు ఎక్కించకముందే తెలుసుకో. వారానికి రెండున్నర కిలోలు పెంచితే బోలెడు. ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపిస్తుండగానే దింపెయ్. వీపు వంగిందా, ఇక ఆ రోజుకి ఆ బరువు వద్దు. కండ తొందరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టే నారకి నెలలు పడుతుంది. మ్యాచికి ముందు రెండు రోజులు పెద్ద బరువుల జోలికెళ్ళకు. పోటీల రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు చేసినా ఉన్న బలం ఎక్కడికీ పోదు. నొప్పంటే నవ్వే కోచ్ తగిలితే బయటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి, ఎంత పేరున్నవాడైనా సరే. తెల్లవారు బస్సుకి వచ్చేస్తా.

మీ నాన్న ఇప్పటికీ, నా ఎదురుగా కూడా, తుఫాను అనే చెబుతాడు. ఈ ఉత్తరం చూపించకు.

సున్నుండలు పంపుతున్నాం. మినుములు వేయించింది వాడే, ఉండలు కట్టిందీ వాడే. బస్సు దాకా వచ్చి, డబ్బా మాత్రం నన్నెత్తమన్నాడు.

మీ పెదనాన్న