బ్యాంకు కోసుకుంది కదా, ఇంకా పన్నేమిటి?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 66. పాత పన్ను విధానంలోనే ఉన్నాను. నిరుడు ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద 1,80,000 వడ్డీ వచ్చింది. బ్యాంకు 18,000 టీడీఎస్ (వడ్డీ ఇచ్చేముందే కోసే పన్ను) పట్టుకుంది. ఇంకా కట్టాలంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనమ్మా. బ్యాంకు కోసేది 10 శాతమే. పెన్షన్‌తోనే మీరు 20 శాతం స్లాబులో (పన్ను రేటు అంచెలో) ఉంటే లెక్క మారుతుంది. సీనియర్ సిటిజన్‌గా వడ్డీలో 50,000 మినహాయింపు. మిగిలిన 1,30,000 మీద పన్ను 26,000, ఆ పన్ను మీద అదనంగా వేసే సెస్సు 1,040. అందులో 18,000 పోను 9,040 మీరు కట్టాలి. వ్యాపార ఆదాయం లేని 60 దాటినవారికి అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే పన్ను) లేదు కాబట్టి, రిటర్ను వేసేముందు కడితే సరిపోతుంది. రిటర్ను గడువు దాటితే మాత్రం బాకీ మీద నెలకు 1 శాతం వడ్డీ, ఆదాయం 5 లక్షలు మించితే 5,000 ఆలస్య రుసుము.

మా నాన్నగారూ బడిపంతులే. ఏప్రిల్ రాగానే పాస్‌బుక్కులన్నీ ఎంట్రీ వేయించుకొచ్చి, పాత హాజరుపట్టీ వెనక పేజీల్లో ఒక్కో డిపాజిట్ వడ్డీ ఎర్రసిరాతో రాసేవారు. ఆ అలవాటు నాకెంతో ఇష్టం. మీరూ అలాగే రాసుకుని, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోని ఏఐఎస్‌తో (మీ ఆదాయం, టీడీఎస్ వివరాలుండే వార్షిక పట్టికతో) సరిచూసుకోండి. టెన్షన్ పడకండి. రిటర్ను వేశాక 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయమని అబ్బాయికి గుర్తుచేయండి.