వైరస్‌ను చంపుతారా, నిర్వీర్యం చేస్తారా?

సందేహం: తొమ్మిదో తరగతి పిల్లలకు టీకాల గురించి చెబుతూ "రేడియోధార్మికతతో వైరస్‌ను చంపి టీకా తయారుచేయవచ్చు" అని బోర్డు మీద రాశాను. "అయితే ఆ టీకాలోనూ రేడియోధార్మికత ఉంటుందా మాస్టారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు. నా వాక్యంలో తప్పెక్కడుంది? 'చంపి' అనవచ్చా? నిర్జీవం, నిష్క్రియం, నిర్వీర్యం – వీటిలో ఏది తగిన మాట?
– ఒక ఉపాధ్యాయుడు, రాజోలు

సమాధానం: అబ్బాయిని మెచ్చుకోండి. వాక్యం ఏం చెప్పిందో అతనికి సరిగ్గా అదే అర్థమైంది.

రేడియోధార్మికత పదార్థానికి ఉండే గుణం. మానవత, నవ్యతలలో ఉన్న 'త' ప్రత్యయమే ఇక్కడా ఉంది. ఇక్కడ ఆ గుణం, కిరణాల కోసం వాడే కోబాల్ట్-60 అనే లోహానిది. దాని నుంచి వెలువడే గామా కిరణాలు వికిరణం. వైరస్‌కు తగిలేది ఈ వికిరణమే. కోబాల్ట్ అందులో కలవదు. ఈ కిరణాలు సోకినంత మాత్రాన ఏ వస్తువూ రేడియోధార్మికం కాదు. ఎండలో పెట్టిన వడియాలు ఎండుతాయి కాని, అవి ఎండ కాయవు కదా!

వికిరణం పిల్లలకు కొరుకుడుపడదని భయపడకండి. సంస్కృతంలో 'కౄ' ధాతువుకు చల్లడం, చెదరగొట్టడం అని అర్థం. కిరణం, వికిరణం రెండూ అక్కడి నుంచి వచ్చినవే. అచ్చ తెలుగులో వెదజల్లడం. వెద అంటే విత్తడం. నాట్లు మాని వెదజల్లే పద్ధతిలో వరి వేసే రైతు ఇళ్ల పిల్లలే మీ తరగతిలో ఉంటారు.

ఇక 'చంపి'. పత్రికలో ఎవరైనా అలా రాస్తే నేను తప్పుపట్టను. పాఠంలో మాత్రం అది చాలదు. జీవకణంలోకి చేరనిదే వైరస్ తన సంఖ్యను పెంచుకోలేదు. దాన్ని ప్రాణి అనాలా వద్దా అన్న వాదమే ఇంకా ముగియలేదు. టీకా కోసం పోగొట్టేది దాని పునరుత్పత్తి శక్తిని. వీర్యం అంటే బలం, బీజం కూడా. అందుకే నిర్వీర్యం ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరికి ఉడికించి ఆరబోసిన ధాన్యం గుప్పెడు తీసి చూడండి. అదే ఊక, అదే మొన, అదే రూపం. ఆకుమడిలో చల్లితే ఒక్క గింజా మొలవదు. కోడి మాత్రం గింజగానే గుర్తుపట్టి ముక్కున కరుచుకుంటుంది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ చేసేదీ ఆ కోడి పనే. చూడగానే గుర్తుపట్టించి వ్యవస్థను మేల్కొలిపే దాన్ని నిష్క్రియం అనడం నాకు నచ్చదు. నిర్జీవం అంటే రాయికీ చెల్లుతుంది.

పోలిక ఇంతవరకే. ఆవిరి గింజనంతా ఉడికిస్తుంది. రసాయనాలదీ కొంతవరకు అదే తీరు: 1955లో వచ్చిన సాక్ పోలియో టీకాలో వాడిన ఫార్మాలిన్ వైరస్ పైపొర ప్రొటీన్లనూ పట్టుకుంటుంది, వాటి రూపం కొంత మారవచ్చు. గామా కిరణాలు లోపలికి దూసుకెళ్లి ప్రధానంగా జన్యుపదార్థాన్ని తెంచుతాయి. పైరూపం చాలావరకు మిగులుతుంది. పరిశోధకులకు వీటి మీద ఆశ కలగడానికి కారణం ఇదే. అయితే కిరణాలు నీటికి తగిలితే పుట్టే ఫ్రీ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువుల ముక్కలు) ఆ పైరూపాన్నీ చెడగొడతాయి. అందుకే వైరస్‌ను పొడి మంచుతో (డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో) గడ్డకట్టించి కిరణాల ముందు పెడతారు.

ఒక్క జాగ్రత్త. బలం తగ్గించిన సజీవ వైరస్‌ను కూడా కొందరు నిర్వీర్యం అనేస్తున్నారు. అది పొరపాటు. పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరచిన వైరస్. పోలియో ఇంజెక్షన్‌లో ఉండేది నిర్వీర్యం చేసిన వైరస్. మొదటిది ఇంకా మొలవగలదు, రెండోది మొలవలేదు.

బోర్డు మీద వాక్యాన్ని ఇలా మార్చండి: "గామా వికిరణంతో వైరస్‌ను నిర్వీర్యం చేసి టీకా తయారుచేయవచ్చు." ఆ అబ్బాయి చేతనే చదివించండి.