కీవర్డ్ లెక్క పక్కన పెట్టండి, ఫోన్లో ఏమడుగుతున్నారో రాసుకోండి

గాజువాకలో క్యాటరింగ్ నడుపుతున్నామని, వెబ్‌సైట్ గూగుల్లో పైకి రావాలంటే ఒక్కో పేజీలో కీవర్డ్, అంటే జనం గూగుల్లో కొట్టి వెతికే మాట, ఎన్నిసార్లు ఉండాలని అడిగారు. నేను పదకొండేళ్లుగా వైజాగ్‌లో ఈ రాతపనే చేస్తున్నాను. ఇన్నిసార్లు అని ఎవరు అంకె చెప్పినా నమ్మొద్దు. ఒకే మాటను పేజీ నిండా కుక్కడం గూగుల్ స్పామ్ కింద లెక్కేసే పనుల్లో ఒకటి.

మా మేనమామ సంగతి చెప్తాను. ఎంవీపీ కాలనీలో ఆయనకి ఏసీ రిపేరు షాపుంది. 2017లో ఒక ఏజెన్సీ చేత వెబ్‌సైట్ చేయించుకున్నాడు. హోమ్ పేజీలో ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ వైజాగ్’ అన్న ముక్క పదిహేడుసార్లు ఉంది, నేనే లెక్కపెట్టాను. అడుగున తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో మధురవాడ నుంచి అచ్యుతాపురం దాకా ఊళ్ల పేర్లన్నీ దాచిపెట్టారు. ఎండాకాలమంతా కలిపి ఆ సైటు చూసి వచ్చిన ఫోన్లు రెండు.

2018 ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున్నే వెళ్లి ఆయన కౌంటర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఫోన్ మోగినప్పుడల్లా అవతలివాళ్లు అన్నది అన్నట్టే నోట్‌బుక్‌లో ఎక్కించాను. పదకొండు దాటాక సముద్రపొడ్డునున్న పెదజాలారిపేట నుంచి ఒకావిడ వచ్చింది. కవర్లోంచి అరచెయ్యంత రేకుల ముక్క తీసి బల్ల మీద పెట్టింది. ఏసీ బయటి యూనిట్ వెనకుండే సన్న అల్యూమినియం రేకులవి. వేలు తగిలితే చాలు రాలిపోతున్నాయి, బల్ల మీద తెల్లటి పొడి మిగిలింది.

“కొని మూడేళ్లు కాలేదు బాబూ, ఏటిలాగైపోనాది? రెండుసార్లు గేసు కొట్టించినాను. నెల తిరక్కుండానే మళ్లీ సల్లదనం లేదు” అంది.

మావయ్య చేతిలో పని పక్కన పెట్టి పావుగంట చెప్పాడు. “సముద్రపు గాలిలో ఉప్పుంటాదమ్మా. రేకుల మధ్యకి చేరి తినేస్తాది. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా గేసంతా అక్కణ్నుంచి పోతాది. చిల్లు వెతికి మూయకుండా గేసు కొట్టించడం డబ్బులు దండగ. ఈసారి రాగి కాయిల్ ఉన్నది తీసుకో, అతుకెయ్యడం తేలిక. నెలకోసారి మెయిన్ ఆపించి మంచినీళ్లతో కడిగించు.”

ఆ పావుగంట మాటల్నే పేజీగా రాశాను. ‘సముద్రం దగ్గరి ఇళ్లలో ఏసీ గ్యాస్ మళ్లీ మళ్లీ ఎందుకు అయిపోతుంది?’ అని టైటిల్ పెట్టాను. ఆవిడని అడిగి ఆ రేకుల ఫోటో పెట్టాను. పదిహేడింట్లో ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాను, తెల్ల అక్షరాలన్నీ చెరిపేశాను. వానలు పడేనాటికి, గూగుల్ సైటు సొంతదారులకిచ్చే సెర్చ్ కన్సోల్ తెరిస్తే, జనం ఏం టైప్ చేసి ఆ పేజీకి వచ్చారో వరసగా కనిపించింది. సగం మంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ‘బెస్ట్’ అన్న మాట ఎక్కడోగానీ లేదు. మరుసటి వేసవికి మావయ్య ఇంకో కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. దానికి ఆ పేజీయే కారణమని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

2022 డిసెంబరులో గూగుల్ తన రేటర్లకి, అంటే వెతుకులాట ఫలితాలు ఎంత బాగున్నాయో చూసి చెప్పేవాళ్లకి, ఇచ్చే మార్గదర్శకాల్లో ‘అనుభవం’ అన్నదాన్ని కొత్తగా చేర్చింది. రాసినవాడికి ఆ పనితో స్వయంగా పరిచయముందా అని చూడమంటుంది. మావయ్య చేతికి అది ముప్పై ఏళ్లుగా ఉంది. 2017లో ఏజెన్సీ తరఫున ఆయన సైటుకి రాసిపెట్టిన కుర్రాడికి పదానికి ముప్పై పైసలిచ్చారట, షాపు మొహం కూడా చూపించలేదు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఆ రేటుకి ఎవరైనా పక్క సైటు చూసి తిరగరాయడం తప్ప ఏం చేస్తారు?

ఇంకో సంగతి. మెటా కీవర్డ్స్ ట్యాగ్ అంటే చదివేవాళ్లకి కనబడకుండా పేజీ కోడ్‌లో పెట్టే కీవర్డ్‌ల జాబితా. దాన్ని ర్యాంకింగ్‌కి అసలు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దానికి విడిగా బిల్లు వేసేవాళ్లున్నారు. మొదటి స్థానం గ్యారంటీ అనేవాళ్లు కూడా అంతే, అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. పేజీలో ఏముందో రెండు ముక్కల్లో చెప్పే మెటా డిస్క్రిప్షన్ వల్లా ర్యాంకు పెరగదు. కానీ వెతికినవాళ్లకి టైటిల్ కింద కొన్నిసార్లు కనబడేది అదే, అది చదివే లోపలికి వస్తారు. అందుకే దాన్ని ఒళ్లు దగ్గరపెట్టుకుని రాయండి.

మీ మెనూ గురించి కూడా చెప్పాలి. ప్రింటింగ్ షాపులో అను ఫాంట్లో (అచ్చుపనికి వాడే పాత తెలుగు ఫాంటు) కొట్టించిన కార్డు ఫైల్లోంచి అక్షరాలు కాపీ చేసి సైట్లో అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి. ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగ్గా కనబడే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించండి. కార్డు ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకోకండి, గుత్తొంకాయ కూర అని వెతికినవాళ్లకి అక్కడ అక్షరాలే దొరకాలి.

ఇక పేజీల్లో ఏం రాయాలంటే, మీకు రోజూ వచ్చే ఫోన్లలోనే ఉంది. వందమందికి పులిహోరకి ఎంత బియ్యం పడుతుంది, అరిటాకులు మీరే తెస్తారా, అపార్ట్‌మెంట్ సెల్లార్లో పొయ్యి పెట్టుకోనివ్వకపోతే ఎలా, అనుకున్నదానికి ముప్పైమంది ఎక్కువొస్తే సర్దగలరా. ఒక్కోదానికి ఒక్కో పేజీ, మీరు ఫోన్లో చెప్పే జవాబే, అంకెలతో సహా. రేపు ఫోన్ దగ్గర కూర్చునే వాళ్ల చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. వారం తర్వాత అది తెచ్చి ఇక్కడ పెడితే మొదటి పేజీ ఏది రాయాలో నేను చూసి చెప్తాను.