బిల్డర్ కరెంట్ రేషియో సరే, మీ ఇంటిది చూసుకున్నారా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. చేతికి వచ్చే జీతం 1,10,000. అద్దెతో కలిపి ఖర్చు 65,000. తెల్లాపూర్‌లో కడుతున్న 90 లక్షల ఫ్లాట్‌కు ఇప్పుడే 25 లక్షలు కడితే రేటు తగ్గిస్తామంటున్నారు. 9 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 16 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. సదాశివపేటలో ప్లాట్ కూడా ఉంది. బిల్డర్ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో కరెంట్ రేషియో (దగ్గర్లో డబ్బయ్యే ఆస్తులను దగ్గర్లో తీర్చాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చే అంకె) 2.4 ఉంది కాబట్టి భయం లేదనిపిస్తోంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండి. బ్యాలెన్స్ షీట్ తెప్పించుకుని చదివారు, చాలామంది బ్రోచర్ దగ్గరే ఆగిపోతారు. కానీ ఇళ్లు కట్టే కంపెనీని ఆ ఒక్క అంకెతో నమ్మేయడం నేను తరచూ చూసే పొరపాటు.

మీరు పంపిన వివరాల్లో కరెంట్ ఆస్తులు 1,200 కోట్లు, కరెంట్ లయబిలిటీస్, అంటే దగ్గర్లో తీర్చాల్సిన బాకీలు, 500 కోట్లు. ఆ 1,200లో 950 కోట్లు ఇన్వెంటరీ, అంటే స్థలాలు, సగం లేచిన టవర్లు, అమ్ముడుపోని ఫ్లాట్లు. స్థలం కొన్నప్పటి నుంచి తాళాలిచ్చేదాకా పట్టే కాలమంతా ఈ కంపెనీలకు ఒకే ఆపరేటింగ్ సైకిల్ (వ్యాపార చక్రం), ఆలోపు డబ్బయ్యేదాన్ని కరెంట్ ఆస్తిగానే లెక్కేస్తారు. అందుకే మూడేళ్ల తర్వాత డబ్బయ్యే టవర్ కూడా కరెంట్ ఆస్తుల్లోనే కనిపిస్తుంది. ఇన్వెంటరీ తీసేయండి, 250 కోట్లే మిగులుతాయి. రేషియో 0.5.

ఆ 500లో 200 కోట్లు మీలాంటివాళ్ల అడ్వాన్సులు, వాటికి బదులు ఫ్లాటే ఇస్తారు కాబట్టి అవీ పక్కన పెడదాం. అప్పుడైనా 0.83 దాటదు. ఉన్న నగదంతా కూడా కంపెనీ ఇష్టానికి వాడుకునేది కాదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చినదాంట్లో 70 శాతం విడి ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికే వాడాలి. అమ్మకాలు నెమ్మదిస్తే ఈ కంపెనీ పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు వెతుక్కోవాల్సిందే.

నాకు అంతకంటే టెన్షన్ పెట్టింది మీ ఇంటి లెక్క. 16 లక్షల లోన్‌కు 13 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 36,400. ఖర్చుతో కలిపి నెలకు 1,01,400 పోతుంది. హోమ్ లోన్ ఇంకా మొదలే కాలేదు! ప్లాట్ ఉందన్నారు, అది మీ ఇన్వెంటరీ. జూన్‌లో స్కూలు ఫీజుకో, అర్ధరాత్రి ఆసుపత్రి అడ్వాన్సుకో అది అక్కరకు రాదు. ఇవాళ ఆరు నెలల ఖర్చుకు మీకు 3.9 లక్షలు చాలు. లోన్ తీసుకున్న రోజు నుంచి 6 లక్షలు కావాలి, ఎఫ్‌డీ మాత్రం ఖాళీ. రేటు తగ్గిస్తారని పర్సనల్ లోన్ తెచ్చి, తాకట్టు లేకుండా బిల్డర్‌కు అప్పివ్వడం ఇది. దయచేసి ఆ పని చేయకండి.

ఎఫ్‌డీలో 4 లక్షలు ఏ ఫ్లాట్ కోసమూ ముట్టుకోవద్దు. మీ ఆవిడకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి, ఇద్దరూ కాపలా ఉంటే నిలుస్తుంది. మిగతా 5 లక్షలకు నెలనెలా పొదుపు కలుపుతూ వెళ్లండి. పూర్తికావచ్చిన ఫ్లాట్లు కూడా చూడండి. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే హోమ్ లోన్‌కు ముందే తీసుకోండి.

ఇంకొకటి. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి, అంటే మీ ఫ్లాట్‌కు 9 లక్షలకు మించి, తీసుకోవడానికి రెరా ఒప్పుకోదు. 25 లక్షలు అడిగినవాళ్లను ముందు అగ్రిమెంట్ ముసాయిదా ఇవ్వమనండి. ఏ స్లాబ్‌కు ఎంత కట్టాలో ఆ షెడ్యూల్ నాకు పంపండి, చూసి చెబుతాను.