షెడ్డు తాళం పగిలింది, ఇనుము లెక్క తగ్గింది: నష్టం ఎవరిది?

ప్రశ్న: నేను చిన్న కాంట్రాక్టర్ని. మెటీరియల్‌తో సహా ఒక వాణిజ్య భవనం కట్టి ఇవ్వడానికి ఒప్పుకున్నాను. మూడో శ్లాబుకు ముందు ఇనుము లెక్క చూసుకుంటే బిల్లుల్లో ఉన్నదానికన్నా బాగా తక్కువ ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ గొడవలో ఉండగానే ఒక రాత్రి స్టోరు షెడ్డు తాళం పగలగొట్టి, వైరింగుకు తెచ్చిన రాగి తీగ చుట్టలు, వైబ్రేటర్ మోటారు ఎత్తుకెళ్లారు. పోలీసులు అర్జీ తీసుకున్నారు గానీ కేసు కట్టలేదు. భవన యజమాని తనకేం సంబంధం లేదంటున్నారు. నాకు వాచ్‌మన్ మీద అనుమానం. అతని జీతం ఆపవచ్చా? ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందా? ఇకముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? దయచేసి చెప్పగలరు.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు రెండు వేర్వేరు నష్టాలను ఒకే అర్జీలో కలిపి ఇచ్చినట్టున్నారు. ముందు వాటిని విడగొట్టండి. షెడ్డు తాళం ఏ రాత్రి పగిలిందో మీకు తెలుసు. పగిలిన తాళం ఉంది, ఏమేం పోయాయో పేరుపేరునా చెప్పగలరు. అది దొంగతనం. ఇనుము సంగతి అలా కాదు, ప్రస్తుతానికి అది లెక్కలో తేడా మాత్రమే. దొంగతనం కావచ్చు, బిల్లు కన్నా తక్కువ సరుకు దిగి ఉండవచ్చు, కోతలో తరుగు ఎక్కువై ఉండవచ్చు. రెండూ కలిపి రాస్తే ఇనుము గురించి అడిగే ప్రశ్నల్లో రాగి తీగ కేసు కూడా నానిపోతుంది.

రాగి తీగ, మోటారు విషయంలో భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 305వ సెక్షన్ కింద కేసు కట్టమని రాతపూర్వకంగా అడగండి. సామాను భద్రపరిచే భవనంలో దొంగతనానికి ఆ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. రేకుల షెడ్డయినా గోడలు, కప్పు, తాళం ఉంటే భవనమేనని గట్టిగా వాదించవచ్చు. మామూలు దొంగతనమైతే 303(2) కింద మూడేళ్లే. ఈ తేడా శిక్షతో ఆగదు. మూడేళ్లు, అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3)లో ఉంది. 305 ఆ వెసులుబాటులోకి రాదు. కాబట్టి 'విచారణ చేసి చెబుతాం' అనే మాట మీ విషయంలో చెల్లదు. అప్పటికీ కేసు కట్టకపోతే 173(4) ప్రకారం జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 5,000 రూపాయల లోపు విలువ ఉన్న మామూలు దొంగతనం ఇప్పుడు నాన్ కాగ్నిజబుల్ నేరం. మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. సైటు దొంగతనాలు చాలావరకు ఇలాగే, రోజుకు నాలుగు చువ్వల చొప్పున జరుగుతాయి. ఏ రోజుకు ఆ రోజు చూస్తే చిన్న మొత్తం, మూడు నెలలు కలిపి చూస్తే మీ లాభమంతా అందులోనే ఉంటుంది.

ఫిర్యాదులో మోటారు సీరియల్ నంబరు, తీగ చుట్టల బ్రాండు, సైజు, చుట్టకు ఎన్ని మీటర్లు, బిల్లు నంబరు తప్పక రాయండి. తొక్క కాల్చేసిన రాగి ఎవరిదో ఎవరూ చెప్పలేరు, సీల్ ఉన్న చుట్ట దొరికితే చెప్పగలరు. దొంగ సొత్తని తెలిసి కొన్న పాత సామాను వ్యాపారి కూడా న్యాయ సంహిత 317 కింద ముద్దాయి అవుతాడు. సొత్తు దొరికితే కేసు ముగిసేదాకా స్టేషన్లో తుప్పు పట్టనివ్వకండి. ఫొటోలు, పంచనామా తీసి, పూచీకత్తు మీద అసలు హక్కుదారుకు త్వరగా ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

ఇక యజమాని మాట. మీకు నచ్చకపోవచ్చు గానీ, ఆయన వాదనలో బలముంది. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్నప్పుడు, సరుకు కట్టడంలో కలిసేదాకా దాని మంచిచెడ్డలు సాధారణంగా కాంట్రాక్టరువే. సైటుకు చేరిన సరుకు మీద ఆయన అడ్వాన్సు ఇచ్చి ఉంటే మాత్రం ఒప్పందం మళ్లీ చదవండి. సరుకు ఆయనది, కాపలా బాధ్యత మీది అని రాసి ఉండే అవకాశం ఎక్కువ. గడువు పొడిగింపు కూడా ఒప్పందంలో ఉంటేనే దొరుకుతుంది. ఆలస్యానికి జరిమానా రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారమే ఆయనకు వస్తుంది.

నష్టాన్ని సరుకు ఖరీదుతో లెక్కేసి వదిలేస్తున్నారు కాంట్రాక్టర్లు. మళ్లీ కొనేనాటికి పెరిగిన ధర, పని లేక కూర్చున్న మనుషుల కూలి, అదనపు రోజులకు సెంట్రింగ్ అద్దె, అప్పు మీద వడ్డీ కూడా నష్టమే. వాటికీ కాగితాలు దాచండి. పైగా దొంగలు పట్టుకెళ్లిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) వెనక్కి కట్టాలి. 2017 నాటి సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 17(5)(హెచ్) అలా చెబుతోంది. సరుకూ పోయి, పన్నూ కట్టాలి! ఆదాయపు పన్నులో మాత్రం కొంత ఊరట ఉంది. వ్యాపారంలో భాగంగా ఉద్యోగి కాజేసిన సొమ్మును వ్యాపార నష్టంగా చూపవచ్చని బద్రీదాస్ దాగా కేసులో సుప్రీంకోర్టు 1958లో తీర్పిచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీతో మీ ఆడిటరును కలవండి.

వాచ్‌మన్ జీతం ఆపకండి. అనుమానం రుజువు కాదు. వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వకుండా వేతనంలో కోత పెడితే మీరే కార్మిక శాఖ ముందు నిలబడాలి. అంతకన్నా ముఖ్యంగా, అతన్ని షెడ్డులో కూర్చోబెట్టి 'నిజం చెప్పించే' పని ఎవరినీ చేయనివ్వకండి. అది న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం, చెయ్యి చేసుకుంటే 115. ఫిర్యాదుదారు ముద్దాయిగా మారేది ఇక్కడే. అతను ఏజెన్సీ మనిషైతే మీ పోరు ఏజెన్సీతో. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద దానికి లైసెన్సు ఉందా, ఒప్పందంలో నష్టపరిహారానికి పరిమితి ఉందా, నష్టం గురించి ఇన్ని గంటల్లో తెలియజేయాలనే షరతు ఉందా చూసి నోటీసు ఇవ్వండి.

ఇనుము విషయంలో నేనైతే వాచ్‌మన్ కన్నా ముందు బార్ బెండింగ్ (ఇనుము కోసి, వంచి కట్టే) మేస్త్రిని అడుగుతాను. దొంగ అని కాదు. చువ్వలు లెక్కపెట్టి అతనికి అప్పగించి సంతకం తీసుకున్నారా? తీసుకుని ఉంటే కాంట్రాక్టు చట్టం 148, 151 సెక్షన్ల ప్రకారం మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సరుకును చూసుకున్నంత జాగ్రత్తగా చూసే బాధ్యత అతనిది, లోటుకు జవాబు చెప్పాల్సిందీ అతనే. అప్పగించిన సరుకు అమ్ముకున్నాడని తేలితే అది నమ్మకద్రోహం, న్యాయ సంహిత 316వ సెక్షన్. సంతకం లేకపోతే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ (నిర్మాణ పనికి తీసుకునే బీమా) ఉంటే ఈరోజే కంపెనీకి రాయండి. చాలా పాలసీల్లో 14 రోజుల గడువు ఉంటుంది, దొంగతనమైతే పోలీసులకు చెప్పి తీరాలి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చినప్పుడు బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము తోసేయకూడదని గుర్‌షిందర్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు అంది. అది వాహనం దొంగతనం కేసు, దాని మీదే భరోసా పెట్టుకోకండి. ఇనుముకు ఆశ తక్కువ. స్టాకు లెక్కించినప్పుడు మాత్రమే బయటపడిన లోటుకు పరిహారం లేదని ఈ పాలసీల్లో సాధారణంగా రాసే ఉంటుంది. రాగి తీగ క్లెయిము వేరుగా పెట్టమనేది అందుకే.

ఇకముందు జాగ్రత్తలంటే అందరూ కెమెరాలతో మొదలుపెడతారు. నేను రిజిస్టరుతో మొదలుపెట్టమంటాను. లారీ దిగగానే కాటా చీటీ చూసి ఊరుకోకండి, చువ్వలు లెక్కపెట్టండి. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 12 మీటర్ల చువ్వ దాదాపు 10.7 కిలోలు తూగుతుంది. చువ్వల సంఖ్యను దానితో గుణిస్తే చీటీలోని బరువుకు దగ్గరగా రావాలి. రాకపోతే ఆ దొంగతనం మీ సైటులో జరగలేదు, దారిలోనో కాటా దగ్గరో జరిగింది. ప్రతి శ్లాబు తర్వాత వాడిన ఇనుమును డ్రాయింగుతోనూ, మిగిలిన ముక్కల బరువుతోనూ సరిచూసి, మీరూ మేస్త్రీ సంతకాలు చేయండి. అప్పుడు లోటు వచ్చినా ఏ రెండు తేదీల మధ్య వచ్చిందో చెప్పగలరు. అది చెప్పగలిగితే పోలీసులకైనా బీమా కంపెనీకైనా మీ మాట వేరుగా వినిపిస్తుంది.

ముక్కల ఇనుము అమ్మకం ఒక్కరి చేతిలోనే ఉంచి, గేటు పాసు లేకుండా బండి కదలనివ్వకండి. మంచి చువ్వలు ఎక్కువగా బయటికి పోయేది ఆ తుక్కు బండి అడుగునే. రాగి తీగను తలుపులు బిగించాకే, వారం పనికి సరిపడా తెప్పించండి. కెమెరాలుంటే మంచిదే, కానీ పాత రికార్డింగు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. ఘటన జరిగిన రోజే హార్డ్ డిస్కు వేరుచేసి పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి. కాపీ ఇస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి, లేదంటే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

దగ్గరలోని న్యాయవాదిని కలిసేటప్పుడు యజమానితో ఒప్పందం, ఏజెన్సీ ఒప్పందం, పాలసీ పూర్తి ప్రతి, కాటా చీటీలు, పోలీసులకిచ్చిన అర్జీ మీద వాళ్లు వేసిన ముద్ర కాపీ వెంట తీసుకెళ్లండి.